చెక్కబూటు ఇంటికొచ్చిన రోజు

మా మరీవోన్ నోరు తెరిస్తే ముత్యాలు రాలేవి. మెచ్చుకుని చెబుతున్నాననుకునేరు, కాదు. చాకిరేవు దగ్గర మోకాళ్లమీద కూర్చుని, చేపకంపు కొట్టే మగవాళ్ల చొక్కాలు బాదుతూ, "క్షమించాలి, ఆ సబ్బును కాస్త ఇటు అందించగలరా?" అని ఫ్రెంచిలో అడిగేది. ఎవరిని? నన్ను! ఒకే బెంచీమీద ముక్కులు తుడుచుకుంటూ తనతో పాటు పెరిగిన ఈ కాటెల్‌ని! నాకు ఒళ్లు మండిపోయేది.

"దొరసానిగారూ, సబ్బు తమరి మోకాలి కిందే ఉంది. తమరు కాస్త లేస్తే కనబడుతుంది" అని నేను మా ఊరి మాటలో, బ్రెటన్‌లో అరిచేదాన్ని. రేవంతా గొల్లుమనేది. ఆమె కూడా నవ్వేది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ నవ్వు కూడా పారిస్‌లో నేర్చుకొచ్చిందే.

ఫ్రాన్సుకి పడమటి అంచున, బ్రిటనీ తీరంలో ఉన్న మా పోర్జ్‌గ్వెన్‌ ఊళ్లో పొగమంచు దిగిందంటే సముద్రం ఎక్కడ ఆగిందో నేల ఎక్కడ మొదలైందో తెలియదు. గొర్రెలు అరుస్తాయి, కనబడవు. చర్చి గంట మోగుతుంది, అది పైనించో నీళ్లలోంచో చెప్పలేం. అలాంటి పొద్దుల్లో, బట్టలు నానుతుండగా, మరీవోన్ పారిస్ ఇంటి సంగతులు చెప్పేది. ఆమె చెబుతుంటే ఆ తెల్లటి మసకలో ఒక పెద్ద గది మెల్లగా తేలివచ్చేది. గోడల నిండా అద్దాలు, అద్దాల నిండా దీపాలు, కిటికీ అవతల నది. మేమంతా తడి చేతులతో, చెక్కబూట్లతోనే ఆ గదిలోకి వెళ్లి కూర్చునేవాళ్లం. ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు.

పదహారో ఏట ఆమె ఆ ఇంటికి పనిమనిషిగా వెళ్లింది. ఇంటావిడ మదామ్ ద వాల్‌బ్రే, పాతకాలపు జమీందారు వంశం ముసలామె. వెళ్లిన రోజే మరీవోన్ ఏదో జవాబు చెబితే వంటమనిషి పొట్ట పట్టుకు నవ్విందట. "ఈ పిల్ల మాట్లాడుతోందా, కట్టెలు కొడుతోందా?" అందట. ఇక ఏడాదిపాటు మరీవోన్ నోరు విప్పలేదు. ప్రతి గురువారం మదామ్ ఇంటికి అతిథులు వచ్చేవాళ్లు. తలుపు పక్కన బల్ల దగ్గర నిలబడి వెండి చెంచాలు తోముతూ, ఆ మాటల్ని ఒక్కొక్కటే మింగేది. మళ్లీ నోరు తెరిచేసరికి, అదిగో, ముత్యాలు.

మదామ్‌కి తన భాష గురించి చెప్పుకోవడమంటే మహా సరదా. రాజుగారి కొలువులో ఒక మాట ఎలా పలికావన్నదాన్ని బట్టి ఉద్యోగం వచ్చేదో పోయేదో తేలిపోయేదట. గొప్పింటి ఆడవాళ్లు తమ గదుల్లో కూర్చుని మాటల్ని పిండిలా జల్లించి, ముతకవి అవతల పారేసేవాళ్లట. మిగిలినవాటికి పారిస్ పండితసభలో ఆకుపచ్చ కోట్లు వేసుకున్న నలభైమంది ముసలాళ్లు కాపలా అట. రష్యాలోనూ పోలండ్‌లోనూ దొరలు గుర్రాలవాణ్ని తిట్టడానికి సొంత భాష, ప్రియురాలికి రాయడానికి ఫ్రెంచి వాడేవాళ్లట. రాజులు యుద్ధాలు చాలించి సంతకాలు పెట్టిందీ ఇందులోనే అట. మరీవోన్ ఇవన్నీ చెబుతున్నప్పుడు కళ్లు ఎక్కడో ఉండేవి, చేతులు మాత్రం చొక్కా పిండుతుండేవి.

ఒక గురువారం మదామ్ అందట, "మా భాష పుట్టుకతోనే అంత అందమైనది. కొండలోంచి దూకే ఊట ఎక్కడైనా మురికిగా ఉంటుందా?" అని.

అక్కడ ప్రస్కోవ్యా అని ఒక రష్యా ముసలామె ఉంది. ఒకప్పుడు పెద్ద ఎస్టేటు దొరసాని. అక్కడ విప్లవం వచ్చాక దేశం విడిచి పారిపోయి వచ్చి పారిస్‌లో టోపీలు కుట్టుకుని బతుకుతోంది. ఆమె పకపకా నవ్విందట. "ఊటా? భలేదానివమ్మా! మా తాత మీ భాష నేర్చుకున్నది అందం చూసి కాదు, కొలువు కోసం. మీ రాజు దగ్గర ఫిరంగులున్నాయి, వంటవాళ్లున్నారు, దర్జీలున్నారు, నాట్యగత్తెలున్నారు. ఆ రాజు బ్రిటనీలో పుట్టుంటే, ఇవాళ మీ పనిపిల్ల మనిద్దరికీ ఎలా పలకాలో నేర్పుతుండేది."

గదిలో అందరూ మరీవోన్ వైపు తిరిగి నవ్వారట. ఆమె చేతిలో చెంచా అలాగే ఉండిపోయిందట.

"అదీ మాటంటే!" అన్నాను నేను. "ఆవిడ నాకు దొరికితే నల్లగోధుమ అట్లు పోసి, మీద ఇంత వెన్న వేసి పెడతాను. నువ్వేమన్నావే?"

"నేనేమంటాను? చెంచా తోముకున్నాను" అంది. చొక్కా తిరగేస్తూ, "కాటెల్, ఆ చెంచా కూడా గనిలోంచి మెరుస్తూ రాలేదు. మూడొందల ఏళ్లుగా ఎవరో ఒకరు తోముతూనే ఉన్నారు. మన మాటని ఎవరు తోమారు చెప్పు?" అంది.

నేను బట్టలు ఇంకాస్త గట్టిగా బాదాను.

చూశారా, అంతా అర్థమై కూడా ఆమె మదామ్ పక్షానే నిలబడింది. ఎందుకో నాకు తెలుసు. దానికి మా చిన్నప్పటి బడిలోకి వెళ్లాలి.

మా బడిలో ఒక చెక్కబూటు ఉండేది. చిన్నది, ఎడమకాలిది, తాడు కట్టి ఉండేది. ఎవరైనా మా భాషలో మాట్లాడుతూ దొరికితే ఆ బూటు వాళ్ల మెడలో పడేది. వదిలించుకోవాలంటే ఒకటే దారి, ఇంకో పిల్ల నోట ఆ మాట విని పంతులుకి పట్టించాలి. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్లు మరుగుదొడ్లు కడిగి, ఆ బూటుతోనే ఇంటికి పోవాలి. మా పాత పంతులు ఒక పక్క విప్లవంలో రాజు తల ఎలా నరికారో గర్వంగా పాఠం చెబుతూ ఇంకో పక్క ఈ పని చేయించేవాడు. తల నరికారు సరే, ఆ రాజు నాలుకని మాత్రం పదిలంగా దాచి, తెచ్చి మా నోళ్లలో కుట్టారు.

ఆ బూటు చెక్కినవాడు ఎవరనుకున్నారు? మరీవోన్ నాన్న, లాన్ మామ. ఊరందరికీ చెక్కబూట్లు చెక్కేది ఆయనే. ప్రతి బూటు ముక్కుమీద చిన్న ఫెర్న్ ఆకు చెక్కేవాడు, అది ఆయన గుర్తు. పంతులు వచ్చి ఒక చిన్న బూటు కావాలంటే, సుద్దముక్కలు వేసుకోవడానికేమో అనుకుని, జత చెడిపోయిన ఎడమకాలి బూటు ఊరికే ఇచ్చాడు. చదువు చెప్పే మనిషి దగ్గర డబ్బులేంటి అన్నాడు, పిచ్చి మహారాజు.

ఒకరోజు మరీవోన్ రొట్టె మరిచిపోయి బడికొచ్చింది. లాన్ మామ ఆ రొట్టె పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. ఆయన్ని చూడగానే మరీవోన్ "నాన్నా!" అని కేకేసింది, మా మాటలో. అంతే. ఆ పూట బూటు మెడలో ఉన్నవాడు జాకెజ్, మా బెంచీ వెనకవాడు. వాడు విన్నాడు. నాన్న గేటు దగ్గర నిలబడి చూస్తుండగానే ఆయన చెక్కిన బూటు కూతురి మెడలో పడింది. సాయంత్రం ఇంటికొచ్చాక లాన్ మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఫెర్న్ ఆకుమీద బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన చెక్కిన ఏ బూటుమీదా ఆ గుర్తు లేదు.

అందుకే మరీవోన్ ఒట్టు పెట్టుకుంది, తన కడుపున పుట్టినదాని మెడలో ఆ బూటు పడకూడదని. పారిస్‌నుంచి వచ్చి మా ఊరి నావికుణ్ని పెళ్లాడింది. కూతురు పుడితే మదామ్ ఇంట్లో విన్న పేరు పెట్టుకుంది, సొలాంజ్ అని. లాన్ మామ పోయాడు. మొగుడు రెండో ప్రపంచయుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయాడు. ఇక ఇంట్లో ముగ్గురే ఆడవాళ్లు, మరీవోన్, పిల్ల, మరీవోన్ అమ్మ నాయిగ్. నాయిగ్ అత్తకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు.

కూతురి చెవిన బ్రెటన్ పడకూడదని మరీవోన్ నియమం పెట్టింది. తల్లితో మాట్లాడాలంటే పొలంలోనో పశువుల కొట్టం వెనకో, గుసగుసగా. పిల్ల ఎదుట మాత్రం తల్లికి చేతి సైగలే. భోజనాల బల్ల దగ్గర నాయిగ్ అత్త గిన్నెలోకి చూస్తూ తిని లేచిపోయేది. ఎంత వాగుడుకాయో ఆవిడ! ఒకప్పుడు సంతలో ఆవిడ బేరమాడుతుంటే వినడానికి జనం నిలబడేవాళ్లు. అలాంటి మనిషి సొంత ఇంట్లో చుట్టంలా అయిపోయింది. నేను ఎన్నిసార్లు తిట్టానో.

"కన్నతల్లి నోరు కుట్టేశావే, పాపం తగుల్తుంది!"

"నా కూతురు క్యాంపెర్ పట్నంలో పెద్ద బడికి వెళ్తుంది కాటెల్. స్కాలర్‌షిప్ పరీక్ష రాస్తుంది. మదామ్‌లా మాట్లాడుతుంది. దాన్ని చూసి ఏ వంటమనిషీ నవ్వదు" అనేది. అప్పుడు మాత్రం ఆమె గొంతులో ముత్యాలుండేవి కావు, గరుకే.

అయితే ఆ పిల్ల ఏం తక్కువది కాదు. బంగాళాదుంపలు తవ్వేచోట, ఆవు పొదుగు దగ్గర, అమ్మమ్మ వెనకే తిరిగి మా మాటంతా పట్టేసింది. కొట్టంలో ఇద్దరూ నవ్వుకోవడం నేను గోడ ఇవతలనించి విన్నాను. అమ్మమ్మకి సొలాంజ్ అనే పేరు నోరు తిరగదు, "సొలిగ్, నా చిట్టి గువ్వా" అని పిలిచేది. పిల్ల "ఏంటే ముసలీ" అనేది. నేను మరీవోన్‌తో చెప్పానా? ఎందుకు చెబుతాను! పశువుల కొట్టంలో పండగ జరుగుతుంటే వెళ్లి దీపం ఆర్పుతానా?

యుద్ధం అయిపోయిన నాలుగో ఏడు. మా జాకెజ్ చదువుకుని, మా బడికే పంతులై తిరిగొచ్చాడు. వేరే ఊళ్లలో అప్పటికి ఆ బూటు ముచ్చట తగ్గిపోతోంది. మావాడు మాత్రం పాత బూటునే పాత మేకునుంచి తీశాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఫ్రెంచి రాకపోతే వీళ్లు పారిస్‌లో ఎవరి మరుగుదొడ్లో కడుగుతూ బతకాలి" అనేవాడు. మరి రాకముందే ఇక్కడ దొడ్లు కడిగిస్తున్నావేంట్రా అని నేను అడిగితే మాట మార్చేవాడు.

ఆ వసంతకాలం ఒక సాయంత్రం నేను పాలు పోయడానికి మరీవోన్ ఇంటికి వెళ్లాను. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో బూటు. బూటు ముక్కుమీద అదే ఫెర్న్ ఆకు, ఇన్నేళ్ల చేతుల జిడ్డుకి నల్లబడింది.

జరిగిందేమిటంటే, బడిలో ఆటల్లో ఒక చిన్నపిల్ల పడి మోకాలు చీరుకుంది. సొలాంజ్ దాన్ని ఒళ్లో వేసుకుని, అమ్మమ్మ ఊరడించినట్టే, మా మాటలో ఊరడించింది. ఎవరో విన్నారు. శనివారం పంతులు స్కాలర్‌షిప్ పరీక్షకి పట్నానికి పేర్లు పంపుతాడు. ఆ రోజుకి బూటు ఎవరి మెడలో ఉంటే వాళ్ల పేరు రాయనని చెప్పాడు. మర్నాడే శనివారం.

మరీవోన్ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పిల్ల ముందు మోకాళ్లమీద కూర్చుని, మెత్తగా, ఆ పట్టులాంటి ఫ్రెంచిలో చెప్పింది.

"విను, నా బంగారూ. రేపు పొద్దున త్వరగా వెళ్లు. పిల్లలు గోడ దగ్గర గోళీలాడుతుంటారు. ఆటలో ఎవరైనా నోరు జారతారు. వెంటనే పంతులుగారికి చెప్పు. అంతే, అయిపోతుంది. అందరూ అలాగే చేస్తారు."

"నేను చెప్పను" అంది పిల్ల.

"చెప్పాలి. నీ చదువు పోతుంది."

పిల్ల కళ్లు తుడుచుకుంది. పొయ్యి పక్కన దారం వడుకుతూ, ఒక్క ముక్కా అర్థంకాక, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్న నాయిగ్ అత్త వైపు తిరిగింది.

"నాకు రోజూ వినబడేది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ మెడలో వెయ్యనా, అమ్మా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది, పాపం. నేను పాల చెంబు కింద పెట్టేశాను. అన్ని ముత్యాలున్న మరీవోన్ నోట్లో ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

మర్నాడు పొగమంచు మరీ దట్టంగా దిగింది. నేను సముద్రపు నాచు బండితో బడి ముందుగా వెళ్తున్నాను. గేటు దగ్గర జాకెజ్ గంట తాడు పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు మంచులో నీడల్లా గుంపుగా ఉన్నారు. సొలాంజ్ ఒక్కతే గోడ పక్కన, మెడలో బూటుతో. అప్పుడు మసకలోంచి చెక్కబూట్ల చప్పుడు వచ్చింది, ఆ వెనక మరీవోన్. పారిస్‌నుంచి తెచ్చుకున్న నల్ల కోటు వేసుకుంది, పెళ్లిళ్లకి చావులకి తప్ప తీయని కోటు. గేటులోంచి తిన్నగా లోపలికి వచ్చి, ఊరంతా వినేంత గొంతుతో పిలిచింది.

"సొలిగ్! నా చిట్టి గువ్వా, ఇలా రావే తల్లీ!"

మా మాటలో. ఆ పిల్ల పుట్టింది మొదలు దాని ఎదుట తల్లి పలకని మాటలో. కాస్త తుప్పుపట్టిన గొంతు, కాని అచ్చం నాయిగ్ అత్త గొంతు. నా గుర్రం కూడా ఆగిపోయింది.

పిల్ల కొయ్యబారిపోయింది.

"ఏమే, వినబడలేదా? నేను దొరికిపోయానుగా. ఆ బూటు ఇటు ఇవ్వు. ఇది నాది" అని మరీవోన్ పిల్ల మెడలోంచి తాడు తీసి తన మెడలో వేసుకుంది. తర్వాత జాకెజ్ వైపు తిరిగింది. "జాకెజ్, అప్పుడు నువ్వు వేశావు. ఇప్పుడు నేనే వేసుకున్నాను. పిల్ల మెడ ఖాళీగా ఉంది, చూసుకో. పేరు రాయి."

జాకెజ్ గంట తాడు వదిలేశాడు. ముందు ఏదో ఫ్రెంచిలో మొదలుపెట్టాడు, "మదామ్, నియమం..." అని. ఆగిపోయాడు. ఆ కోటుమీద ఆ బూటు చూస్తున్నాడు. గేటు దగ్గర రొట్టె పట్టుకుని నిలబడ్డ లాన్ మామ కనబడ్డాడేమో వాడికి. ఉన్నట్టుండి వాడి నోట, వాళ్లమ్మ వాణ్ని పిలిచిన మాటలో, మా మాటలో, వచ్చేసింది.

"వద్దు మరీవోన్, తియ్యవే. నీకు దణ్ణం పెడతా, ఆ బూటు తీసెయ్యవే."

పిల్లలంతా ముందుకు తోసుకొచ్చారు. నియమం అందరికీ తెలుసు. బూటు మెడలో ఉన్నవాళ్లు వింటే, మాట్లాడినవాళ్ల మెడలో వెయ్యచ్చు. పంతులు మెడలో! నేను బండిమీద లేచి నిలబడ్డాను. వెయ్యవే, వెయ్యవే అని లోపల్లోపల ఎగురుతున్నాను. దేవుడు నన్ను క్షమించుగాక.

మరీవోన్ వాడి మొహంలోకి చూసింది. ఆ తర్వాత, మదామ్ ద వాల్‌బ్రే ఇంట్లో నేర్చిన ఆ మెత్తటి, వెండిలాంటి ఫ్రెంచిలో అంది.

"క్షమించాలి, పంతులుగారూ. నాకేమీ వినబడలేదు."

వెనక్కి తిరిగి, బూటు మెడలోనే ఉంచుకుని, మంచులోకి నడిచిపోయింది. ఆ బూటు మళ్లీ బడి గడప తొక్కలేదు. మరీవోన్ ఎవరినైనా వింటే కదా అది చేతులు మారేది!

ఆ మధ్యాహ్నం బడి నుంచి పిల్ల ఎగురుకుంటూ వచ్చింది. పంతులు పేరు రాశాడు. నేను బండి వాళ్ల గుమ్మంలోనే ఆపి లోపల కూర్చున్నాను, ఇలాంటి రోజున ఇంటికెవరు పోతారు? మరీవోన్ బంగాళాదుంపల సూపు వడ్డించింది. బూటు ఇంకా మెడలోనే ఉంది, వంగినప్పుడల్లా బల్లకి తగిలి టక్కుమంటోంది. నాయిగ్ అత్త ఆ చప్పుడుకి తలెత్తింది. చెయ్యి చాచి బూటు పట్టుకుంది. మొగుడు చెక్కిన ఫెర్న్ ఆకుమీద బొటనవేలితో రాసింది. కూతురి మొహం చూసింది, మనవరాలి మొహం చూసింది. భయపడుతూ, ఒక చెంచా సూపు నోట్లో పెట్టుకుంది. మా మాటలో, ఎవరికీ వినబడకూడదన్నంత చిన్నగా అంది.

"ఉప్పు తక్కువైందే."

పిల్ల పుట్టాక ఈ పదకొండేళ్లలో ఆ బల్ల దగ్గర ఆవిడ అన్న మొదటి మాట అది. పిల్ల తల్లి వైపు చూసింది. మరీవోన్ ఉప్పు గిన్నె అందుకుంది. మెడలోని తాడు సర్దుకుని, తల్లి పక్కన బెంచీమీదికి జరిగి కూర్చుంది.

"నాకు వినబడలేదమ్మా," అంది, మా మాటలోనే. "ఇంకాస్త గట్టిగా చెప్పు."